సేవా గ్రూపుకి రాతకోతలు

విశాఖలో రక్తదాతల వాట్సాప్ గ్రూపులకి కొదవ లేదు. వాటికి దాతలు దొరకడం పెద్ద కష్టం కాదు, నిలబడటమే కష్టం. మాటా మాటా పెరుగుతుంది, నెమ్మదస్తులు చప్పుడు చేయకుండా గ్రూపుని మ్యూట్‌లో పెట్టేస్తారు. ఆ తర్వాత కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) నుంచి ‘ఓ నెగెటివ్ అర్జెంట్’ అని వచ్చినా చూసే నాథుడుండడు.

‘అందరూ మర్యాదగా ఉండండి’ అని గ్రూపు వివరణలో రాసేసి నియమాలు పెట్టేశాం అనుకుంటారు. ‘ఏరా’ అంటే ఒకరికి చనువు, ఇంకొకరికి తిట్టు. నియమం బాగుందో లేదో తేల్చుకోవాలంటే ఒకే మెసేజ్‌ని ఇద్దరు అడ్మిన్లకి విడివిడిగా చూపించండి. ఇద్దరూ ఒకే జవాబు చెబితే సరే, లేకపోతే వాక్యం మార్చాలి.

మొట్టమొదట రాసుకోవాల్సింది ఇది: ‘గ్రూపులో దొరికిన నంబరుకి రక్తం పని మీద తప్ప ఫోన్ చేయకూడదు, విడిగా మెసేజ్ పెట్టకూడదు. అవసరం తీరాక ఆ నంబరు వాడకూడదు.’ ఆడవాళ్లు గ్రూపు వదిలి వెళ్లిపోవడానికి చాలాసార్లు కారణం ఈ విడి మెసేజ్‌లే. మొదట గుడ్ మార్నింగ్, తర్వాత ‘భోజనం అయిందా’. వెళ్లేవాళ్లు కారణం చెప్పరు, అడ్మిన్‌కి తెలియదు.

రెండోది డబ్బు. రక్తం అమ్ముకోవడం మన దేశంలో 1998 జనవరి 1 నుంచి నిషేధం. దాని మీద ఎవరికీ పేచీ లేదు, పేచీ వచ్చేది పెట్రోలు దగ్గర. పెందుర్తి నుంచి వచ్చిన దాతకి రోగి తరఫువాళ్లు ఆటో ఖర్చు ఇవ్వొచ్చా? నా లెక్కలో ఇవ్వకూడదు, కావాలంటే వాళ్లే బండి పంపి తీసుకెళ్లి దింపాలి. ఇవాళ 200 రూపాయలు చేతులు మారితే రేపు ఇంకో దాత ఆసుపత్రి గేటు దగ్గరే అడుగుతాడు. మీ గ్రూపు ఇంకోలా అనుకోవచ్చు, కానీ ఏదో ఒకటి రాసి ఉండాలి.

మూడోది, ‘వస్తానని ఎందుకు రాలేదు’ అని పదిమందిలో నిలదీయకూడదు. ఒకసారి రక్తం ఇచ్చాక మళ్లీ ఇవ్వడానికి మగవాళ్లకి 3 నెలలు, ఆడవాళ్లకి 4 నెలలు ఎడం ఉండాలి. వాడే మందులో, ఒంట్లో నలతో కూడా అడ్డొస్తాయి. అవి ఎవరూ గ్రూపులో చెప్పుకోనక్కర్లేదు. తుపాను రోజుల్లో తేదీ లేని ఫార్వర్డ్ పెట్టకూడదన్నది నాలుగోది. రేవులో ప్రమాద హెచ్చరిక నంబరు పూటపూటకీ మారుతుంది, నిన్నటి ఫొటో ఇవాళ అబద్ధం.

నియమం తప్పినప్పుడు అడ్మిన్ ముందు చేయాల్సింది స్క్రీన్‌షాట్ తీయడం. పెట్టినవాళ్లు 15 నిమిషాల్లోపు మెసేజ్ మార్చేయొచ్చు, దాదాపు 2 రోజుల దాకా అందరికీ కనపడకుండా తీసేయొచ్చు. దానంతటదే మాయమయ్యే మెసేజ్‌ల సెట్టింగ్ వేసి ఉంటే ఆధారమూ దాంతోనే పోతుంది. స్క్రీన్‌షాట్ భద్రం చేశాకే అడ్మిన్‌గా మెసేజ్ తీసేయండి. ఆ రోజే విడిగా ఇలా రాయండి: ‘నమస్తే అండి. పొద్దున మీరు పెట్టిన మెసేజ్ మూడో నియమానికి కుదరదు, తీసేశాం. మీ మాట ఏదైనా ఉంటే నాకు చెప్పండి.’ గ్రూపులో మందలిస్తే పంతం పెరుగుతుంది, చుట్టూ పక్షాలు చేరతాయి.

రెండోసారి తప్పితే రాతపూర్వక హెచ్చరిక, మూడోసారి 30 రోజులు బయట, ఆ తర్వాత శాశ్వతంగా. సాఫ్ట్‌వేర్ స్వచ్ఛంద బృందాలు వాడే ‘కాంట్రిబ్యూటర్ కవనెంట్’ అనే ప్రవర్తనా నియమావళిలోనూ దాదాపు ఇవే నాలుగు మెట్లు. బెదిరింపులకీ, ఆడవాళ్లని వేధించడానికీ మాత్రం మెట్లు లేవు, నేరుగా గుమ్మం బయటకే.

అసలు చిక్కు పెద్దాయనతో. ఇరవై సార్లు రక్తం ఇచ్చినాయన నోరు జారితే ‘ఆయన్ని ఎలా అంటాం’ అని అడ్మిన్లు మొహాలు చూసుకుంటారు. ఒక్కసారి వదిలేస్తే మిగతా నియమాలన్నీ ఆ రోజే చచ్చినట్టు. ఆయనే గ్రూపు మొదలుపెట్టినవాడైతే మరీ ఇబ్బంది. వాట్సాప్‌లో గ్రూపు సృష్టించినవాళ్లని మిగతా అడ్మిన్లు తీసేయలేరు, అడ్మిన్ హోదా కూడా పీకలేరు. అప్పుడు కొత్త గ్రూపు పెట్టి జనాన్ని తరలించడమే మిగులుతుంది. అందుకే మొదట్లోనే సంస్థ పేరు మీద ఒక సిమ్ తీసుకుని, దాంతో గ్రూపు తెరవడం మేలు. అడ్మిన్లు ముగ్గురుండాలి. ఫిర్యాదు ఎవరి మీద వస్తే ఆ అడ్మిన్ తీర్పులో కూర్చోకూడదు.

ఎవరో పెట్టిన మెసేజ్‌కి తామే జైలుకెళ్తామేమోనని కొందరు అడ్మిన్లు హడలిపోయి అయినదానికీ కానిదానికీ జనాన్ని తీసేస్తుంటారు. అడ్మిన్ అయినంత మాత్రాన సభ్యుల మెసేజ్‌కి బాధ్యులు కారని బాంబే హైకోర్టు 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి.

ఇక రిజిస్టరు. తేదీ, నంబరు, ఏ నియమం, ఏం చేశాం, ఎవరు చేశారు: ఈ ఐదు గళ్లు చాలు. ఫిర్యాదు చేసినవాళ్ల పేరు అందులో రాయొద్దు. బయటికి వెళ్లినవాళ్ల జాబితాని వాట్సాప్ 60 రోజులే చూపిస్తుంది, కాబట్టి 30 రోజులకి బయట పెట్టినవాళ్ల గడువు తేదీ కూడా ఆ వరుసలోనే రాసుకుని, ఆ రోజు అడ్మినే పిలిచి చేర్చుకోవాలి. వాళ్లంతట వాళ్లు అడుగుతారని చూస్తే రారు.