ముందొస్తే జీతాలొస్తాయా?

"ముందొస్తే ఏంటి, జీతాలొస్తాయా?" అన్నాడు మా సూపర్‌వైజర్, తింటున్న శాండ్‌విచ్ పక్కన పెట్టి మరీ. రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డ పెద్దాయన. లంచ్‌లో మాటవరసకి జెన్సెన్ ఎఫ్ఎఫ్ అనే పాత ఇంగ్లీషు కారు ప్రస్తావన తెచ్చాను. 1966లోనే ఫోర్ వీల్ డ్రైవ్, దానికితోడు యాంటీ లాక్ బ్రేకులు, ఫోర్ వీల్ డ్రైవ్‌కి పేరుమోసిన ఆడి క్వాట్రో కారు కంటే 14 ఏళ్ళు ముందు అన్నాను. మీ ఊరి గొప్ప కదా, సంబరపడతాడనుకున్నా. వాళ్ళ నాన్న ఇంగ్లండ్‌లోని వెస్ట్ బ్రామిచ్‌లో జెన్సెన్ ఫ్యాక్టరీలోనే పనిచేశాడట. "మా నాన్నని ఇంటికి పంపింది ఆ కారే" అనేసి లేచి వెళ్ళిపోయాడు.

తండ్రి సంగతి ఎత్తాక పెద్దాయనకి ఎదురు చెప్పడం మనవల్ల అయ్యే పనేనా? అక్కడ మింగేసింది ఇక్కడ రాస్తున్నాను. తప్పు ఆ కారుది కాదు మహానుభావా.

జెన్సెన్ అన్నదమ్ములు, అలన్, రిచర్డ్, మొదటినుంచీ కార్ల బాడీలు కట్టేవాళ్ళు. సొంత పేరుతో కార్లు 1930లలోనే వచ్చినా, కంపెనీని పోషించింది మాత్రం పరాయి పనే. ఆస్టిన్-హీలీ స్పోర్ట్స్ కార్ల బాడీలు వేలకువేలు ఇక్కడే తయారయ్యాయి. వోల్వో పి1800 కారు కూడా ఇక్కడే బిగించారు. నాణ్యత నచ్చక 1963లో వోల్వోవాళ్ళు ఆ పని స్వీడన్‌కి పట్టుకుపోయారు. ఇక్కడే బిగించే ఇంకో కారు సన్‌బీమ్ టైగర్ 1967లో ఆగింది, పెద్ద ఆస్టిన్-హీలీ కూడా ఆ దరిదాపుల్లోనే. లండన్ కార్ల షోలో జెన్సెన్ సొంత కారు ఇంటర్‌సెప్టర్‌ని (ఎఫ్ఎఫ్ దాని ఫోర్ వీల్ డ్రైవ్ రూపమే) జనం నోరు తెరుచుకు చూస్తున్న రోజుల్లోనే, ఇక్కడ ఒక్కో కాంట్రాక్టూ జారిపోతోంది.

నేనూ కాంట్రాక్టు మీద బతుకుతున్నవాణ్ణే. బ్యాడ్జ్ మీద క్లయింట్ పేరు, పే స్లిప్ మీద ఇంకొకరి పేరు, వీసా టెన్షన్ మాత్రం సొంతం. కాబట్టి నా తీర్పులో కాస్త పక్షపాతం ఉంటుంది, ఉండనివ్వండి.

ఎఫ్ఎఫ్‌ని ఒక పాత కార్ల షోలో దగ్గర్నుంచి చూశాను. ముందు చక్రం వెనక గాలి పోవడానికి రెండు చీలికలు ఉంటాయి. మామూలు ఇంటర్‌సెప్టర్‌కి ఒకటే. ముక్కు నాలుగైదు అంగుళాలు పొడుగు. ముందు చక్రాలని తిప్పే సరంజామా అంతా ఎడమ సీటువైపు చొచ్చుకొచ్చింది, అందుకే స్టీరింగ్ ఎడమకి మార్చే వీల్లేకపోయింది. అంత ఖరీదైన కారు, అమెరికాలో అమ్ముకోవడానికి లేదు! 320 చేసి 1971లో ఆపేశారు. 320 కార్లు కంపెనీని నిలబెట్టలేవు, ఒప్పుకుంటాను. ముంచనూ లేవు.

ముంచింది ఆ తర్వాతి ఆత్రం. 1970లో కాలిఫోర్నియా కార్ల డీలర్ షెల్ క్వాలే కంపెనీని చేతిలోకి తీసుకున్నాడు. పోయిన హీలీ బదులు అమెరికాలో అమ్ముకోవడానికి ఇంకో స్పోర్ట్స్ కారు కావాలి, అదీ తొందరగా. 1972లో లోటస్ కొత్త ఇంజిన్‌తో జెన్సెన్-హీలీ దిగింది. ఇంజిన్ ఆయిల్ కారేది, బాడీ తుప్పు పట్టేది. మరుసటి ఏడే చమురు సంక్షోభం. 7.2 లీటర్ల క్రైస్లర్ ఇంజిన్ పెట్టుకున్న ఇంటర్‌సెప్టర్‌కి పెట్రోల్ ఎవరు పోస్తారు? 1976లో గేటుకి తాళం పడింది.

నిజం చెప్పాలంటే నా కడుపుమంట వేరే ఉంది. పోయి ఇన్నేళ్ళైనా జెన్సెన్‌కి ఓనర్స్ క్లబ్బుంది, తిట్టుకునే కొడుకులున్నారు. మా హైదరాబాద్ సనత్‌నగర్ ఆల్విన్ కంపెనీ కూడా బస్సు బాడీలు కట్టిందే. ఫ్రిజ్‌లు, వాచీలు, స్కూటర్లు, నిస్సాన్‌తో కలిసి ట్రక్కులు, ఏం చేయలేదని? ఇప్పుడు ఆ పేరు మిగిలింది మియాపూర్ దగ్గర ఒక చౌరస్తాకి, కూకట్‌పల్లిలో ఒక కాలనీకి, అంతే. మా ఆల్విన్ ఫ్రిజ్ చల్లబడటం మానేశాక అమ్మ అందులో పప్పుల డబ్బాలు పెట్టుకుంది. పురుగు పట్టదట. ఇల్లు మారినప్పుడు పాత సామాన్లవాడు దానికి మూడొందలు ఇస్తానంటే, ఐదొందలకి తగ్గేది లేదని అమ్మ అరగంట బేరమాడింది.