మెల్లకన్ను అదృష్టమని మూడేళ్లు ఊరుకున్నాం

నిన్న రాత్రే విజయవాడ నుంచి తణుకు తిరిగొచ్చాం. మా పాప ఎడమ కంటి చూపు 6/12కి వచ్చిందని డాక్టరుగారు చెప్పారు. ఏడు నెలల కిందట అదే కన్ను 6/36. అంటే, మామూలు కంటికి 36 మీటర్ల నుంచి కనిపించేది పాప ఆ కంటికి 6 మీటర్ల దగ్గరకొస్తే గానీ కనపడేది కాదు. ఆ సంతోషంలో నిద్ర పట్టక ఇది రాస్తున్నాను.

పాపకు రెండున్నరేళ్లప్పుడు జ్వరం వచ్చి తగ్గింది. ఆ తర్వాత నుంచే ఎడమ కన్ను ముక్కువైపు తిరగడం మొదలైంది. మొదట్లో అన్నం తినేటప్పుడూ, బొమ్మను దగ్గరగా పెట్టుకుని చూసేటప్పుడూ మాత్రమే తిరిగేది. "మెల్లకన్ను అదృష్టమమ్మా, దాన్ని కదపకండి" అన్నారు మా అత్తయ్యగారు. జ్వరానికి చూసిన పిల్లల డాక్టరును అడిగితే తలెత్తకుండానే "ఎదిగేకొద్దీ అదే సర్దుకుంటుంది" అన్నారు. అంగన్‌వాడీకి వచ్చిన ఆరోగ్య బృందం వాళ్లు మాత్రం పాప మొహం చూడగానే చీటీ రాసి, కంటి ఆసుపత్రికి తీసుకెళ్లమన్నారు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అని 2013 నుంచి నడుస్తోంది, పుట్టిన దగ్గర్నుంచి 18 ఏళ్ల వరకు పిల్లల్ని చూస్తారు. ఆ చీటీని నేను బీరువాలో పెట్టాను. పెట్టి మర్చిపోలేదు. వెళ్తే ఆపరేషన్ అంటారేమోనని భయపడి వెళ్లలేదు.

నాలుగో ఏడు వచ్చాక ధైర్యం చేసి ఊళ్లోనే ఒక ఆప్టికల్ షాపుకి తీసుకెళ్లాను. గడ్డం ఆనించే మిషన్‌లో రెండు నిమిషాలు చూసి, "పెద్దగా పవరేం లేదు, అద్దాలు అక్కర్లేదు" అన్నారు. వాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. పిల్లల కళ్లకు దగ్గరగా ఫోకస్ చేసే బలం చాలా ఎక్కువట. ప్లస్ పవర్ ఉన్నా ఆ బలంతో చాలావరకు కప్పేసుకుంటాయి. మందు వేసి, ఫోకస్ చేసే కండరాన్ని సడలిస్తే తప్ప అసలు పవర్ బయటపడదు. దయచేసి ఆరేళ్ల లోపు పిల్లల్ని అద్దాల షాపులో చూపించి ఊరుకోకండి.

పాపకు ఐదున్నరేళ్లు నిండాక విజయవాడ వెళ్లాం. ఓపీ చీటీ, క్యూ అన్నీ మామూలే.

చిన్నపిల్లల కంటి డాక్టరుగారి గదిలో లైట్లు సగం ఆర్పేసి ఉన్నాయి. ట్రైనింగులో ఉన్న అమ్మాయిలు నలుగురు గోడవారగా నిలబడ్డారు. డాక్టరమ్మ పాప ఎడమ కన్ను మూసి, దూరంగా బొమ్మలు చూపించారు. ఇల్లు, ఆపిల్, బంతి, పాప కింది వరుస దాకా గబగబా చెప్పేసింది. నాకు గర్వంగా అనిపించింది. తర్వాత కుడి కన్ను మూశారు. పాప ఆవిడ చెయ్యి తోసేసింది. మళ్లీ మూస్తే తల తిప్పేసింది, మూడోసారి ఏడుపు లంకించుకుంది. అంతమంది ముందు నా పరువు పోతోందని తొడమీద చిన్నగా గిల్లి, "కుదురుగా కూర్చో, ఇప్పుడేగా చెప్పావు" అని కసిరాను.

"తిట్టకండమ్మా. మొండితనం కాదు. ఆ కంటికి కనపడట్లేదు" అన్నారు డాక్టరమ్మ.

నాకు అర్థం కాలేదు. బాగానే చూస్తోంది కదండీ, టీవీ చూస్తుంది, మెట్లు దిగుతుంది, సూదిలో దారం కూడా ఎక్కించబోతుంది అని ఏవేవో చెప్పాను. ఆవిడ మాట్లాడకుండా పాప ఏడుపు తగ్గేదాకా ఆగి, మళ్లీ కుడి కన్ను మూసి అదే వరుస చూపించారు. పాప చాలాసేపు చూసి, "అక్కడేం లేదు" అంది.

ఆ తర్వాత నన్నడిగారు, కన్ను ఎప్పట్నుంచి తిరుగుతోందని. ఈ మధ్యనే అని అబద్ధం చెప్పాను. "ఫోన్లో పాత ఫొటోలు ఉంటాయిగా, చూపించండి" అన్నారు. నా ఫోన్‌లో లేవు. కన్ను తిరిగి కనిపించిన ఫొటో ప్రతిదీ తీసేసేదాన్ని. మూడో పుట్టినరోజు ఆల్బమ్‌లో స్టూడియో అతనితో చెప్పి మరీ కన్ను సరిచేయించాను. పక్కనున్న మావారు తన ఫోన్ తీసి ఆవిడ చేతికిచ్చారు. ఆయన ఒక్కటీ తీసెయ్యలేదు. డాక్టరమ్మ వేలితో వెనక్కి జరుపుకుంటూ వెళ్లారు. సంక్రాంతి ముగ్గు దగ్గర పాప, ద్వారకా తిరుమలలో గుండుతో పాప, కేకు ముందు పాప. ప్రతి దాంట్లో ఎడమ నల్లగుడ్డు ముక్కు మూలకి నక్కి ఉంది. కన్ను తిన్నగా ఉన్న ఫొటో వచ్చేసరికి ఆవిడ వేలు ఆగింది. కింద తారీఖు ఉంది. "మూడేళ్లు" అన్నారు. అంతే, ఇంకేమీ అనలేదు. ఆ నలుగురు అమ్మాయిలూ నేలచూపులు చూశారు. పాప తొడమీద నేను గిల్లినచోట ఇంకా ఎర్రగా ఉంది. నేను అక్కడే ఏడ్చేశాను.

అప్పుడు కూర్చోబెట్టి చెప్పారు. మెల్లకన్ను అందానికి సంబంధించిన సంగతి మాత్రమే కాదట. రెండు కళ్లు రెండు వైపులకు చూస్తే మెదడుకు రెండు బొమ్మలు అందుతాయి. ఆ తికమక తట్టుకోలేక తిరిగిన కంటి నుంచి వచ్చేదాన్ని మెదడు వదిలేస్తుంది. అలా వదిలేసిన కన్ను చూడటం నేర్చుకోదు. దాన్నే సోమరి కన్ను అంటారు. మంచి కన్ను పనంతా చేసేస్తుంది కాబట్టి ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. ఏడేళ్ల లోపు మొదలుపెడితే మందకొడి చూపును వెనక్కి తెచ్చుకునే అవకాశం ఎక్కువ, ఆపైన కష్టమవుతుంది.

కంటి కండరాన్ని సడలించే అట్రోపిన్ ఆయింట్‌మెంట్ మూడు రోజులు ఇంట్లో పెట్టి మళ్లీ వెళ్లాం. కుడి కంటికి ప్లస్ 3.50, ఎడమ కంటికి ప్లస్ 6. షాపులో "పెద్దగా ఏం లేదు" అన్న పవర్ ఇదీ! కంటి వెనక భాగం కూడా జాగ్రత్తగా చూశారు. ఎందుకంటే అరుదుగా కంటిలో కణితి ఉన్నా అది మొదట మెల్లకన్నుగా బయటపడొచ్చట. ఫొటోలో నల్లగుడ్డు మధ్య తెల్లగా మెరిస్తే ఒక్కరోజు కూడా ఆగొద్దన్నారు.

ఆ ప్లస్ పవర్‌ను కప్పుకోవడానికి పడే శ్రమే కన్నును ముక్కువైపు లాగుతోందట. అద్దాలు పెట్టగానే కన్ను చాలావరకు తిన్నగా అయింది. ఆపరేషన్ అవసరం లేదన్నారు. అద్దాలు తీస్తే మాత్రం మళ్లీ తిరిగేది, ఇంతకుముందు కంటే ఎక్కువ తిరిగినట్టు కనిపించేది. చుట్టాలు "అద్దాలు పెట్టి చెడగొట్టారు" అన్నారు. నేను ఒక్కరికీ జవాబు చెప్పలేదు.

ఆరు వారాల తర్వాత ప్యాచ్ మొదలైంది. మంచి కంటిని రోజుకు ఆరు గంటలు మూసి, సోమరి కంటితో పని చేయించాలి. మొదటి వారం నరకం. పీకేసేది, గోడలకు తగిలేది, "అమ్మా, చీకటి" అనేది. బడిలో ఒక టీచరు "ఇలా ఉంటే చివరి బెంచీలో కూర్చోబెడతాం" అంది. నేను వెళ్లి మొదటి బెంచీ అడిగి సాధించాను. 143 రోజులు ఒక్క రోజు మానలేదు. పెళ్లికెళ్లినా, జ్వరమొచ్చినా ఆరు గంటలూ పూర్తయ్యాకే కేలెండర్‌లో టిక్కు పెట్టాను. ఈ మాట గొప్పగానే చెప్పుకుంటాను.

అదృష్టమన్న మా అత్తయ్యగారే ఇందులో నాకు తోడు. ప్యాచ్ పెట్టుకుని ఏదో ఒకటి శ్రద్ధగా చూస్తూ చెయ్యాలని డాక్టరు చెప్పారని తెలిశాక, ఆవిడే పళ్లెంలో పెసలూ మినుములూ కలిపి పాప ముందు పెట్టి వేరు చెయ్యమనేవారు. మొదట్లో పాప గింజను వేళ్లతో తడిమి, ముక్కు దాకా తెచ్చుకుని చూసి, అయినా నల్లదాన్ని పచ్చవాటిలో వేసేది. ఆవిడ కళ్లు తుడుచుకుని మళ్లీ కలిపేవారు.

మన రాష్ట్రంలో 2019 అక్టోబరులో కంటి వెలుగును బడిపిల్లలతోనే మొదలుపెట్టారు. మా అక్క కొడుక్కి మైనస్ పవర్ ఉందని అప్పుడే తెలిసింది. మంచి పని. కానీ మెల్లకన్ను బడి వయసు దాకా ఆగదు. పుట్టిన కొత్తలో కళ్లు అటూ ఇటూ తేలడం మామూలే, నాలుగు నెలలు దాటాక కూడా తిరుగుతుంటే చూపించాల్సిందే. మా పక్కింటి పసివాడిని మొన్న నేనే బలవంతాన పంపాను. ముక్కు మొదలు వెడల్పుగా ఉండటం వల్ల అలా కనిపిస్తోంది, మెల్ల కాదు అన్నారు. మంచిదే, ఆ మాట డాక్టరు నోటి నుంచి రావాలి. ఇంట్లో ఒక్కొక్క కన్నూ మూసి చూడండి. ఒక కన్ను మూస్తే ఊరుకుని రెండోది మూస్తే గోల చేస్తే, అది మొండితనం కాదు.

నిన్న డాక్టరమ్మ ప్యాచ్‌ను రెండు గంటలకు తగ్గించారు. ఒక్కసారిగా మానేస్తే చూపు మళ్లీ పడిపోవచ్చట. ఇంటికి రాగానే పాప పళ్లెం తెచ్చి తనే పెసలూ మినుములూ కలుపుకుని కూర్చుంది. కుడి కంటికి ప్యాచ్ ఉంది. వంగకుండా, తడమకుండా ఏరుతూ, మధ్యలో ఆగి ఒక గింజను వాళ్ల నాన్నమ్మకు చూపించి, "ఇది రాయి, నువ్వే వేశావు కదూ" అంది.