కారు కావలిలోనే ఉంచి

నా నివాసం కావలి, ఉద్యోగం నెల్లూరు. మధ్యలో ఉన్న 50 కిలోమీటర్ల పైచిలుకు దూరాన్ని ఆరేళ్లపాటు కారులో ఒంటరిగానే వెళ్లి వచ్చాను. జాతీయ రహదారి మీద నా ముందూ వెనుకా సాగే కార్లలోనూ చాలావాటిలో ఒక్కరే కనిపించేవారు. ఇప్పుడు వారానికి నాలుగు రోజులు రైలులో వెళ్తున్నాను. నాలాగే రోజూ రాకపోకలు సాగించేవారు ఒక్కరోజైనా ఇలా ప్రయత్నించి చూడాలని మనసారా కోరుకుంటున్నాను.

లీటరుకు 15 కిలోమీటర్లు నడిచే కారుకు రానూపోనూ దాదాపు 7 లీటర్ల పెట్రోలు కావాలి. లీటరు ధర వంద దాటిన ఈ రోజుల్లో, టోలు రుసుము సంగతి పక్కన పెట్టినా, రోజుకు 700 రూపాయలు మించిపోతుంది. రైల్వే 150 కిలోమీటర్ల వరకు ఇచ్చే నెలవారీ సీజన్ టికెట్టు, ఇంత దూరానికి రెండవ తరగతిలో, ఆ ఒక్కరోజు ఖర్చు కంటే తక్కువకే వస్తుంది. రిజర్వేషన్ బోగీలలో అది చెల్లదు కనుక కొన్ని రోజులు నిలబడే ప్రయాణించాలి. ఆ మాట దాచడం న్యాయం కాదు.

అయితే నన్ను ఇంతకాలం ఆపినది డబ్బు కాదు, రైలు దిగిన తర్వాత కార్యాలయం వరకు ఉన్న రెండు కిలోమీటర్లు. ఎండాకాలంలో నెల్లూరులో ఆ దూరం నడవడం అందరికీ సాధ్యం కాదు. షేర్ ఆటో దొరికితే పది నిమిషాలు, దొరకకపోతే ఎంతసేపో చెప్పలేము. రైళ్ల వేళలకు స్టేషను నుంచి ఆత్మకూరు బస్టాండు మీదుగా చిన్న బస్సులు నడిపితే, కార్లు వదలడానికి సిద్ధపడేవారు మా కార్యాలయంలోనే ఉన్నారు.

2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం వల్ల పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో మహిళలకు ఛార్జీ లేదు. మా సహోద్యోగిని ఒకరు స్కూటరు మానేసి కోవూరు నుంచి బస్సులోనే వస్తున్నారు. ఉదయం వేళ నిలబడడానికి కూడా చోటుండడం లేదని ఆమె చెబుతున్నారు. బస్సుల సంఖ్య పెరగకుండా ఉచితం ఒక్కటే చాలదని నా అభిప్రాయం.

రైల్వే లైను ఊరిని రెండుగా చీల్చిన నెల్లూరులో అండర్‌బ్రిడ్జిలు కొన్నే. గట్టి వాన కురిస్తే వాటిలోనూ నీళ్లు నిలుస్తాయి. అలాంటి ఇరుకు దారిలో నా ఒక్కడి కోసం ఒక కారంత స్థలం ఆక్రమించడం ఇప్పుడు నాకు తప్పుగానే తోస్తుంది. మొన్న మంగళవారం నుంచి బిట్రగుంటలో మరో ఇద్దరు సహోద్యోగులు మా బోగీ ఎక్కుతున్నారు.