లిస్టులో లేని పేరు

ఆదివారం రాత్రి. పది దాటింది, నిద్ర రావడం లేదు.

పొద్దున ఆరాధన అయ్యాక కుర్చీలు సర్దుతున్నాం. విధవరాళ్ళకు సంఘం ఇచ్చే నెలవారీ సహాయం లిస్టు బోర్డు మీద పెట్టి అరగంట కూడా కాలేదు. (సహాయం తీసుకునేవాళ్ళ పేర్లు అలా గోడకెక్కించడం నాకు ఎప్పుడూ నచ్చదు.) ఒక అక్క దాని ముందు నిలబడి, ఒక్కో పేరు మీద వేలు పెట్టుకుంటూ చదివింది. చివరిదాకా వచ్చి, మళ్ళీ పైనుంచి మొదలుపెట్టింది. రెండోసారి కూడా వేలు అడుగున ఆగిపోయింది.

పాస్టర్ గారి దగ్గరికి వెళ్ళి, బైబిలు గుండెకి ఆనించుకుని చాలా మెల్లగా అడిగింది. "అయ్యగారూ, ఈ నెల నా పేరు కనబడలేదండి. పొరపాటేమో ఒకసారి చూస్తారా?"

ఆయన చుట్టూ నలుగురున్నారు. "సణుగుడు మంచిది కాదమ్మా. దేవుడు అభిషేకించినవాళ్ళని ముట్టకూడదని వాక్యం ఉంది, తెలుసు కదా" అన్నారు. అక్క ముఖం చిన్నబోయింది. "క్షమించండి అయ్యగారూ" అని వెళ్ళిపోయింది.

ఆ లిస్టు టైపు చేసింది నేను. పాత ఫైలు నుంచి కొత్తదానికి ఎక్కించేటప్పుడు ఒక లైను ఎగిరిపోయింది. ఆ సంగతి నాకు అక్కడే అర్థమైంది. "తప్పు నాదండి" అంటే సరిపోయేది. అనలేదు. అందరి ముందు ఆయనకు ఎదురు చెప్పినట్టవుతుందని భయపడ్డాను. మధ్యాహ్నం అక్కకి ఫోన్ చేసి క్షమాపణ అడిగితే, "పోనీలే తమ్ముడూ, నేనే అడక్కుండా ఉండాల్సింది" అంది. పొద్దున విన్నదానికన్నా ఈ మాటే ఎక్కువ బాధపెట్టింది. ఇంకోసారి ఆమె నోరు తెరవదు.

సాయంత్రం అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం తీశాను. మన తెలుగు బైబిల్లో అక్కడున్న మాట కూడా సణుగుడే. రోజూ జరిగే పంపకంలో తమ విధవరాళ్ళను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు మాట్లాడే యూదులు సణిగారు. అప్పటి సంఘానికి పెద్దలైన అపొస్తలులు వాళ్ళని గద్దించలేదు. శిష్యులందరినీ పిలిచి, మీలోనుంచి ఏడుగురిని మీరే ఏర్పరచుకోండి అన్నారు. స్తెఫను నుంచి నికొలాసు వరకు ఆ ఏడు పేర్లూ గ్రీకు పేర్లే. ఫిర్యాదు చేసినవాళ్ళ చేతికే ఆ పని అప్పగించారని నాకనిపిస్తుంది. ఎంత నమ్మకం ఉంటే అలా చేయగలరు!

తర్వాత 105వ కీర్తన. ముట్టకూడదు అన్న వాక్యం అక్కడిదే. ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు కానీ, దాని పైనున్న మూడు వచనాలు ఇంత శ్రద్ధగా ఎప్పుడూ చదవలేదు. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల కుటుంబం కొద్దిమందిగా, పరదేశులుగా, ఒక రాజ్యం నుంచి మరో రాజ్యానికి తిరుగుతున్న రోజుల్లో, వాళ్ళ జోలికి పోవద్దని దేవుడు రాజులకు చెప్పిన మాట అది. బలం లేనివాళ్ళ తరఫున, బలం ఉన్నవాళ్ళకు చెప్పింది. పొద్దున మేము దాన్ని అక్క మీదికే తిప్పాం. తనను తరుముతున్న రాజు సౌలును, దేవుడు అభిషేకించినవాడని దావీదు కూడా చంపలేదు, నిజమే. కానీ దాక్కున్న గుహలోంచి బయటికొచ్చి, లోపల తాను కోసిన సౌలు వస్త్రపు చెంగు చూపించి, ఎవరిని తరుముతున్నావని రాజునే అడిగాడు.

మా పాస్టర్ గారు చెడ్డవారని నేను రాయలేను. పోయిన నెల సంఘస్థుడొకరు ఆస్పత్రిలో ఉంటే రాత్రంతా మంచం పక్కనే కూర్చున్నారు. తడి గుడ్డతో ఆయన పెదాలు తుడవడం నా కళ్ళతో చూశాను. అయితే మంచం మీదున్న మనిషి లెక్క అడగడు. అడిగేవాళ్ళు ఎదురైనప్పుడే ఆయన గొంతు మారిపోతుంది. బిషప్పుల కింద నడిచే సంఘమైనా, పెద్దల సభ నడిపే ప్రెస్బిటేరియన్ సంఘమైనా, సభ్యులు ఓటేసే బాప్టిస్టు సంఘమైనా ఈ బాధ ఉండేదే. పద్ధతి మారితే గొంతు మారదు.

6వ శతాబ్దంలో బెనెడిక్ట్ అనే క్రైస్తవ సన్యాసి తన మఠాలకు రాసిన నియమావళి, 3వ అధ్యాయంలో, ముఖ్యమైన సంగతి వస్తే మఠాధిపతి అందరినీ పిలిచి వాళ్ళ మాట వినాలని ఉంది. ఏది మేలో ప్రభువు చాలాసార్లు చిన్నవాళ్ళకే బయలుపరుస్తాడట. నిర్ణయం మాత్రం అధిపతిదే. వింటే పెద్దరికం పోతుందన్న భయం ఆ నియమంలో ఎక్కడా లేదు.

లిస్టు మళ్ళీ టైపు చేశాను. అక్క పేరు ఏడో లైనులో ఉంది. పాస్టర్ గారికి మెసేజ్ పెట్టాను: "అయ్యగారూ, లిస్టులో తప్పు నాదండి, అక్కది కాదు. రేపు మీతో పది నిమిషాలు మాట్లాడాలి." వచ్చే ఆదివారం అదే బోర్డు దగ్గర, ఆ నలుగురి ముందే, నేను అక్కకి క్షమాపణ చెబుతాను. ఆయన్ని కూడా పక్కన నిలబడమని అడగాలి.

మెసేజ్ చూశారు. ఇంకా జవాబు రాలేదు.