వాల్టర్, బాయి, ఒంటి చెవి

నిన్న నల్లగొండ నుంచి దేవరకొండ పోయే బస్సులో, ఇరవై ఏండ్ల తర్వాత, ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ కింక్స్ వాళ్ల ‘విలేజ్ గ్రీన్ ప్రిజర్వేషన్ సొసైటీ’ ఆల్బమ్ మళ్లీ విన్న. ఇయర్‌ఫోన్ ఎడమ చెవిది పోయింది. సగం వాయిద్యాలు ఊహించుకునుడే.

హాస్టల్‌లో ఉన్నప్పుడు ఇవి ముసలోళ్ల పాటలు అనిపించేవి. 1968 నవంబర్ 22న ఇంగ్లండ్‌లో వచ్చిన ఆల్బమ్ ఇది. అదే రోజు బీటిల్స్ ‘వైట్ ఆల్బమ్’ కూడా దిగింది. ఇంకేముంది, దీన్ని అడిగినోడే లేడు! లోకమంతా తిరుగుబాటు పాడుతుంటే కింక్స్‌ల పాటలు రాసే రే డేవీస్ ఊరు, ఫొటోల పుస్తకం, ఆవిరి రైలు అనుకుంటూ 15 పాటలు కట్టిండు. ఒక వరుస కథ ఉండదు. పోయిన ఊరిని తడుముకున్నట్టు ఉంటది, అంతే. ‘ఫినామినల్ క్యాట్’ పాట మాత్రం నాకు అప్పుడూ ఎక్కలే, ఇప్పుడూ ఎక్కలే.

ఇండ్లనే ఉన్న వాల్టర్ పాటను మూడుసార్లు విన్న. చిన్ననాటి దోస్తు వాల్టర్‌ను తలుచుకుని, ఇప్పుడు లావెక్కి, పెండ్లయి, ఎనిమిదిన్నరకే పండుకుంటున్నవేమో అంటడు. నాతో మోటబాయిలో దూకినోడు పోయిన నెల ఒక పెండ్లిలో కలిసిండు. విస్తరిలో లడ్డూ పెడితే చెయ్యి అడ్డం పెట్టి, ‘షుగర్ రా’ అన్నడు. తర్వాత ఇద్దరం వానల గురించి మాట్లాడినం. రెండు నిమిషాల్లో మాటలు అయిపోయినయి.

ఆల్బమ్‌లో చివరి పాట ఫొటోలు తీసుకునుడు మీదనే. ఆ పెండ్లిలో మేమిద్దరం ఒక్క ఫొటో గూడ దిగలే.