మోటర్ స్విచ్

మంగళవారం, రాత్రి పదిన్నర.

ఇవాళ నీళ్లొచ్చే రోజు. పొద్దున ఆరింటికి మోటర్ వేసి, "ఇరవై నిమిషాలాగి ఆపెయ్" అని పాపకి చెప్పి వంటింట్లోకెళ్లాను. ఏడింటికల్లా డాబా మీంచి నీళ్లు దబదబా కింద ఓనర్ ఆంటీ ముగ్గు మీద! ఆవిడ ఒక్క మాట అనలేదు, పైకి చూసి ఊరుకుంది. అనుంటే నయం. మెట్ల దగ్గరే పాపని కడిగేశాను. "టెన్త్‌కొచ్చావు, ఒక్క పని ఒప్పజెబితే..." అక్కడితో ఆగినా బాగుండేది, మార్కుల దాకా పోయాను. అది ఏదో చెప్పబోయి నోరు మూసుకుంది. లంచ్ బాక్సు తీసుకోకుండానే బస్సెక్కేసింది.

కూకట్‌పల్లిలో మెట్రో ఎక్కి, నిలబడే ఫోన్లో సుందరకాండ తెరిచాను. రోజుకో సర్గ. మొత్తం 68లో ఇవాళ 55వది. లంకంతా తగలబెట్టాక హనుమంతుడికి అప్పుడు తడుతుంది, సీతమ్మా ఈ ఊళ్లోనే ఉందే అని! ఎవరి కోసం సముద్రం దాటి వచ్చాడో ఆవిడే కాలిపోయిందేమోనని గిలగిల్లాడిపోతాడు. మండే నిప్పుని నీళ్లతో ఆర్పినట్టు, లేచిన కోపాన్ని బుద్ధితో ఆర్పుకునేవాళ్లు ధన్యులంటాడు. కోపమొచ్చినవాడికి అనరాని మాటంటూ ఉండదనీ అంటాడు. నాకు మార్కుల మాట గుర్తొచ్చింది.

గీత రెండో అధ్యాయంలోని "క్రోధాద్భవతి సమ్మోహః" (కోపం వల్ల వివేకం పోతుందని) నాకు చిన్నప్పట్నుంచీ కంఠతా వచ్చు. కంఠతా వచ్చు కాబట్టే కంఠం దాటి లోపలికి పోలేదేమో. హనుమంతుడి కంగారు మాత్రం అమీర్‌పేట దాకా కడుపులో తిప్పింది.

సీత క్షేమమని ఆయనకి ఆకాశంలో చారణులనే దేవగణం మాటల వల్ల తెలిసింది. నాకు మధ్యాహ్నం మా ఆయన ఫోన్ చేసి చెప్పారు. "పాప ఆరూ ఇరవైకే ఆపిందట. సింకులో నీళ్లు సన్నగా వస్తున్నాయని మళ్లీ వేసింది నువ్వే."

నేనే. కుక్కర్ కడుగుతూ, తడి చేత్తో.

సాయంత్రం వెళ్లగానే "సారీ రా" అన్నాను. "తెలుసులే" అంది, పుస్తకంలోంచి తలెత్తకుండా. పొద్దుటి పులిహోర రాత్రికి నేనే తిన్నాను. పడుకోబోతూ చూస్తే మోటర్ స్విచ్ పక్కన కాగితం అంటించి ఉంది: "ఆపిన మోటర్ మళ్లీ వేయువారు ఇచ్చట సంతకం చేయవలెను."

పెన్ను దొరకలేదు. కాటుక పెన్సిల్‌తో పెట్టాను.