దొయాంగ్ ఒడ్డున అముర్ డేగలు

నాగాలాండ్‌లోని దొయాంగ్ జలాశయం దగ్గర ఈ నవంబరులో అముర్ డేగలను కళ్లారా చూశాను. సుమారు 150 గ్రాముల బరువుండే ఈ పక్షి ఆగ్నేయ సైబీరియా, ఉత్తర చైనా ప్రాంతాల్లో పిల్లలను పెంచి, ఆఫ్రికా దక్షిణ భాగానికి వలస వెళ్తూ ఇక్కడ వేల గుంపులుగా ఆగి, ఉసుళ్లను తిని ఒంట్లో కొవ్వు నింపుకొని, ఆ బలంతోనే అరేబియా సముద్రాన్ని ఏకబిగిన దాటుతుంది. అదే కాలంలో సముద్రం దాటే తూనీగలు కూడా దానికి దారిలో ఆహారమవుతాయని పరిశోధకులు భావిస్తున్నారు. 2012లో ఇక్కడే వేలాది డేగలను వలలు పన్ని చంపారు. మరుసటి ఏడాదే పాంగ్తీ గ్రామస్థులు వేటను పూర్తిగా మానేశారు. చట్టం భయం కంటే ఊరి కట్టుబాటే ఇందుకు ఎక్కువగా పనిచేసిందని నాకనిపిస్తుంది. ఆ 2013లోనే మూడు డేగలకు ఉపగ్రహ ట్రాన్స్‌మిటర్లు అమర్చి, వాటికి నాగా, వోఖా, పాంగ్తీ అని పేర్లు పెట్టారు.